అవతారిక లేని నాదం: తెలుగు రేడియోలో నూతన శాస్త్రీయ సంగీతం, పరిచయ వాక్యం

తెలిసిన పాటకు ముందు రేడియో అనౌన్సరు చెప్పే రెండు వాక్యాలు సమాచారం మాత్రమే. తెలియని సంగీతానికి ముందు అవే రెండు వాక్యాలు గడప. సభలో కూర్చున్న శ్రోత ఎదుట వాద్యకారుని చేతులుంటాయి, పక్కవారు తల ఊపడం కనిపిస్తుంది, మధ్యలో లేచిపోవడానికి కొంత మొహమాటమూ ఉంటుంది. రేడియో శ్రోతకు ఇవేవీ లేవు. అతని చేయి మీట మీదే ఉంటుంది. కనుక కొత్త నాదం అతని చెవిలో నిలవాలంటే దానికి ముందు వచ్చే మాట చేయవలసిన పని చాలా ఉంది. తెలుగు విమర్శ కావ్యావతారికలను నన్నయ నుంచి నేటి వరకు శ్రద్ధగా చదివింది. ఆధునిక కవుల పీఠికలను ప్రత్యేక ప్రక్రియగా గుర్తించింది. రేడియో పరిచయ వాక్యాన్ని మాత్రం రచనగా ఎంచలేదు.

ఈ వ్యాసం ప్రతిపాదన ఇది: తెలుగు రేడియో శాస్త్రీయ సంగీతంలోని కొత్తదనాన్ని సాహిత్యం చాటున శ్రోతకు చేర్చింది. ఆ చాటువల్లనే కొత్తదనం నిలదొక్కుకుంది. దానివల్లనే నాదాన్ని నాదంగా వర్ణించే తెలుగు వచనం తయారుకాలేదు.

1948 చివరి మూడు నెలలు ఈ చర్చకు అనుకూలమైన ఆరంభస్థానం. ఆ ఏడాది అక్టోబరు 5న ఫ్రెంచి రేడియో పియర్ షెఫర్ చప్పుళ్ళతో కూర్చిన అభ్యాసాలను ప్రసారం చేసింది. వాటిలో ఒకటి పూర్తిగా రైలు ఇంజిన్ల ధ్వనులతో నిర్మించినది. వాద్యం లేదు, గాత్రం లేదు. రికార్డు చేసిన శబ్దమే ముడిసరుకు. డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమైంది. ఈ రెండింటికీ పరస్పర సంబంధం ఏమీ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక భేదం స్పష్టపడుతుంది. పారిస్‌లో రేడియో యంత్రమే కొత్త సంగీతాన్ని పుట్టించింది. విజయవాడలో రేడియో కొత్త పాటను పుట్టించింది. సంగీతం కాదు, పాట. ఈ తేడా గమనించనిదే తరువాతి చరిత్ర అర్థం కాదు.

పాట పుట్టడానికి మద్రాసు కేంద్రంలోనే పునాది పడింది. 1941లో అక్కడ చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు స్వయంగా రాసి, స్వయంగా వరుస కట్టగలిగిన వాగ్గేయకారుడు. లలిత సంగీతం అనే పేరుతో ఆయనా ఆయన తరంవారూ స్థిరపరచిన ప్రక్రియ శాస్త్రీయ రాగాన్ని, జానపద బాణీని, భావకవిత్వ పదజాలాన్ని ఒక చిన్న గేయంలో ఇమిడ్చింది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ సినిమా పాటకు రేడియోలో చోటు తగ్గించడంతో ఈ ప్రక్రియకు అదనపు అవసరం ఏర్పడింది. రజనీ గేయ సంపుటి 'శతపత్ర సుందరి'ని విమర్శకులు ఎక్కువగా భావకవిత్వపు కొనసాగింపుగానే చదివారు. మైక్రోఫోను ముందు, పరిమితమైన నిమిషాల్లో, ముఖం కనిపించని శ్రోతకోసం రాసిన మాటకు ఉండే బిగువును ఆ పఠనం పట్టుకోలేదు. లలిత గేయంలో పదం రాగానికి ఆధారమే కాదు, రాగానికి పరిచయం కూడా. రాగం పేరు తెలియని శ్రోత మాటను పట్టుకుని రాగంలోకి దిగుతాడు.

ఇదే పద్ధతి మరింత సాహసమైన చోట ఎలా పనిచేసిందో మంగళంపల్లి బాలమురళీకృష్ణ రాగాల్లో చూడవచ్చు. విజయవాడ కేంద్రంలో సంగీత ప్రయోక్తగా పనిచేసిన ఆయన కల్పించిన రాగాల్లో మహతి, లవంగి నాలుగేసి స్వరాలవి. సర్వశ్రీలో ఉన్నవి మూడే. ఆరోహణావరోహణల్లో కనీసం ఐదు స్వరాలుండాలన్న లక్షణ నియమాన్ని ఇవి బాహాటంగానే దాటాయి. మహతిలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశిక నిషాదం. పాశ్చాత్య సంగీతం తెలిసిన చెవికి ఇవి రాగంగా కాక ఒకేసారి మీటదగిన స్వరగుచ్ఛంగా, మరో స్వరం మీదికి జారి స్థిమితపడాలని చూసే గుచ్ఛంగా తోస్తాయి. అటువంటి గుచ్ఛాన్ని విడదీసి, ఒక్కొక్క స్వరంగా నడిపించి, అస్థిమితంలోనే నివాసం ఏర్పరచడం చిన్న ప్రయోగం కాదు. లవంగిలో శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం షడ్జంతో కలుస్తాయి; గాంధారం లేదు, నిషాదం లేదు, శ్రోత చెవి ఆనుకునే పంచమమూ లేదు.

ఇంతటి విచిత్రమైన నాదసన్నివేశం శ్రోతకు ఏ రూపంలో అందింది? భక్తి కృతిగా. పల్లవి ఉంది, తాళం ఉంది, దేవతా సంబోధన ఉంది, చివర వాగ్గేయకార ముద్ర ఉంది. ఒక్క స్వరసంపుటి తప్ప తక్కినదంతా శ్రోతకు చిరపరిచితమే. 'భక్తిరంజని' వింటూ తెల్లవారే ఇంట్లో ఆ కృతి ఒక కొత్త స్తోత్రంలాగా చొరబడగలిగింది. బాలమురళి చేసిన ప్రయోగంలో సగం రాగకల్పనలో ఉంటే, సగం ఈ మారువేషంలో ఉంది. రెండో సగాన్ని ఇప్పటివరకు ఎవరూ తగినంతగా అభినందించలేదనే చెప్పాలి.

మారువేషానికి మూల్యం కూడా ఉంది. 1980ల తొలినాళ్ళలో వీణా విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ రాగాల విషయమై లేవదీసిన వివాదం దానికి నిదర్శనం. రాగాన్ని 'సృష్టించడం' సాధ్యమా, ఆ ఘనత ఎవరికి చెందుతుంది, లక్షణం అంగీకరిస్తుందా అన్న ప్రశ్నల చుట్టూ ఆ వాదం తిరిగింది. నాలుగు స్వరాలు చెవికి ఏమి చేస్తాయన్న ప్రశ్న పక్కకు పోయింది. తెలుగులో ఆ ప్రశ్న అడగడానికి అప్పటికి భాష ఏర్పడి ఉంటే వాదం ఇంత త్వరగా వ్యాకరణంలోకీ వ్యక్తుల్లోకీ ఒదిగిపోయేది కాదు.

సాహిత్యమే లేని చోట ఈ లోటు మరింత బయటపడుతుంది. 1952లో ఢిల్లీలో ఏర్పడిన ఆకాశవాణి వాద్యవృందం భారతీయ వాద్యాలకు సమష్టి రచనలు చేయించింది. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి మద్రాసు కేంద్రంలో ప్రయోక్తగా చేసి, తరువాత ఆ వృందాన్ని నడిపారు. ఆయన వృందరచనలకు 'ఆదర్శ శిఖరారోహణం', 'భ్రమర విన్యాసం' వంటి పేర్లున్నాయి. పాట లేనందున ఇక్కడ శీర్షికే అవతారిక. ఈ రెండు శీర్షికలూ ఒకే రకమైనవి కావు. మొదటిది శ్రోతకు కథ ఇస్తుంది: ఎవరో ఎక్కుతున్నారు, ఎక్కడో శిఖరం ఉంది. ఇక చెవి కథను వెంబడిస్తుంది, స్వరం ఏ కాస్త పైకి పోయినా పర్వతమే కనిపిస్తుంది. రెండోది చెవికే పని చెబుతుంది. తుమ్మెద అనగానే తెలుగు శ్రోతకు రూపం కంటే ముందు ఝంకారం తోస్తుంది. కొత్త సంగీతాన్ని పరిచయం చేయడంలో రెండో మార్గమే మేలైనది. రేడియో వాక్యాలు అలవాటుగా పట్టింది మొదటి మార్గాన్ని.

ఈ వాక్యాలు ఎవరికోసం? నర్సీపట్నం వంటి ఊరిని తీసుకుంటే ప్రశ్న తేటపడుతుంది. మైదానానికీ ఏజెన్సీ కొండలకూ మధ్య వాకిలిలా ఉన్న ఈ ఊరు మద్రాసు సభల సంప్రదాయానికి ఎంతో దూరం. 1963లో విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాక శాస్త్రీయ సంగీతం ఇటువంటి ఊళ్ళకు ముఖ్యంగా రేడియో ద్వారానే చేరింది. అటువంటి శ్రోతకు ప్రయోగ సంగీతం అక్కర్లేదని, ముందు సంప్రదాయం తెలిస్తే చాలునని ఒక వాదం ఉంది. అది నిలవదు. సభామర్యాద అలవడని చెవికి త్యాగరాజ కృతి ఎంత కొత్తో మహతి రాగమూ ఇంచుమించు అంతే కొత్త. పైగా ఉత్తరాంధ్రకు ప్రయోగం పరాయిది కాదు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు 90 రాగాలను ఒకే రచనలో కూర్చినవాడు. అంతకంటే ముఖ్యం, ఆయన హరికథ. హరిదాసు పాట ఆపుతాడు, వచనంలో విప్పి చెబుతాడు, చమత్కరిస్తాడు, మళ్ళీ పాటలోకి వెళతాడు. వివరణ సంగీతానికి వెలుపల ఉండదు, దానిలో భాగమై నడుస్తుంది. ఉత్తరాంధ్ర శ్రోత తరతరాలుగా విన్న వ్యాఖ్యానం ఇది. రేడియో శాస్త్రీయ సంగీత ప్రసారాలు దీనిని విడిచి రాగం, తాళం, కర్త అనే మూడు ముక్కల సూత్రానికి పరిమితమయ్యాయి. ఆ సూత్రం తెలిసినవారికి అనవసరం, తెలియనివారికి నిరర్థకం.

మాట ఎక్కువైతే వచ్చే ప్రమాదాన్నీ కాదనలేము. 1961 జూన్ 5న బి.బి.సి. థర్డ్ ప్రోగ్రామ్‌లో ప్యోటర్ జాక్ అనే యువ పోలిష్ స్వరకర్త రచన ఒకటి ప్రసారమైంది. అటువంటి స్వరకర్త లేడు. హాన్స్ కెల్లర్, సుసన్ బ్రాడ్‌షా స్టూడియోలో తాళవాద్యాలను తోచినట్టు వాయించి రికార్డు చేసిన హాస్యం అది. పత్రికల విమర్శకులు దానిని మెచ్చకపోయినా నిజమైన రచనగానే సమీక్షించారు. జీవిత వివరాలు, దేశం, నవ్యధోరణి పేరు చెబితే చాలు, విమర్శకుని చెవి కూడా సగం పని మాటకు అప్పగిస్తుంది. అందుచేత తెలుగులో తయారుకావలసిన పరిచయ వచనం కర్త గురించీ భావం గురించీ కాక వినవలసిన శబ్దం గురించి మాట్లాడాలి.

దానికి సంస్కృత పరిభాషను కొత్తగా పోతపోయనవసరం లేదు. తెలుగు ఇంటి మాటల్లోనే శబ్దానికి సూక్ష్మమైన తరతమాలున్నాయి. చప్పుడు పొట్టిది, ఒంటరిది. సవ్వడి మెత్తనిది, ఒక లయ ఉన్నది. మోత కొట్టిన తరువాత మిగిలేది. రొదలో పలు ధ్వనులు కలిసి విడివడక వినిపిస్తాయి. హోరుకు మొదలూ తుదీ ఉండవు. అన్నిటిలో విశేషమైనది అలికిడి: చేసినవారు కనిపించరు, ధ్వని మాత్రం వినబడుతుంది. శబ్దాన్ని దాని మూలం నుంచి వేరుచేసి వినడం గురించి షెఫర్ 1966 నాటి తన బృహద్గ్రంథంలో పైథాగరస్ తెరచాటు శిష్యుల ప్రస్తావనతో చేసిన సిద్ధాంత చర్చకు తెలుగు పల్లె ఒక్క మాటలో దగ్గరగా వస్తుంది. నన్నెచోడుడి నుంచి నేటి కథకుల వరకు ధ్వన్యనుకరణ పదాలను జాబితా కట్టిన పరిశోధన, వాటిని సంగీత విమర్శ పరికరాలుగా వాడి చూడలేదు.

వాడితే ఎలా ఉంటుందో షెఫర్ రైలు అభ్యాసంతోనే పరీక్షించవచ్చు. తన పేరుతో వెలసిన నర్సీపట్నం రోడ్డు స్టేషను ఊరికి చాలా దూరాన ఉన్నందున ఈ ఊరికి రైలు అలికిడిగానైనా వినబడదు. అయినా ఆ ధ్వని ఎరుగని శ్రోత ఉండడు. మూడు నిమిషాల ఆ రచనకు ముందు చెప్పదగిన మాట ఇంతే: "వినబోయేది రైలు. అది ఎక్కడికి పోతుందో వెతకవద్దు. ఈల తరువాత దడదడ మొదలవుతుంది. అదే దడదడ తిరిగి వచ్చినప్పుడు అతుకు ఎక్కడుందో చెవితో పట్టండి." ఇందులో షెఫర్ జీవితం లేదు, ఫ్రాన్సు లేదు, నవ్యత అన్న పదమూ లేదు. లవంగికీ ఇదే పద్ధతి చెల్లుతుంది: మధ్యమం దాటాక పంచమం రాదు, తిన్నగా ధైవతమే వస్తుంది, ఆ దాటు దగ్గర చెవి ఒక క్షణం ఆగుతుంది, ఆ ఆగడమే ఈ రాగంలో వినవలసినది.