నక్షత్రనౌకలో స్త్రీ స్థానము

శాస్త్ర కల్పన అనగా రాబోవు కాలమును గూర్చిన ఊహ. ఆ ఊహలో యంత్రములు మారినంత వేగముగా మనుష్యుల తలపులు కూడా మారుచున్నవా? 1966 సెప్టెంబరు నుండి 1969 జూన్ వరకు అమెరికా టెలివిజనులో మొదట ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలోని స్త్రీ పాత్రలను పరిశీలించినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

కథాకాలము 23వ శతాబ్దము. ఎంటర్‌ప్రైజ్ అను నౌక కాంతిని మించిన వేగముతో నక్షత్రముల నడుమ సంచరించును. మనిషిని ఒక చోట అదృశ్యముచేసి మరొక చోట నిలబెట్టు యంత్రము అందులో ఉన్నది. ఊహకు ఇక్కడ కొరత లేదు.

1964లో తీయనారంభించిన నమూనా కథ ‘ది కేజ్’లో నౌకాధిపతి తరువాతి స్థానము ఒక స్త్రీది. ఆమెను ‘నంబర్ వన్’ అని మాత్రమే పిలుతురు. అధిపతి బందీ కాగా ఆమె తొట్రుపడక నౌక బాధ్యత వహించును. మజెల్ బారెట్ ధరించిన పాత్ర ఇది. ఎన్.బి.సి. సంస్థ ఆ నమూనాను అంగీకరింపలేదు. మరల తీసిన నమూనాలో ఆమె లేదు. ఆమె నిర్వికారమైన తర్కబుద్ధి స్పాక్ అను పురుష పాత్రకు సంక్రమించినది. బారెట్‌కు తరువాత దక్కినది నర్సు చాపెల్ పాత్ర. ఈ చాపెల్ జీవశాస్త్ర పరిశోధనను వదలుకొని, జాడ తెలియని కాబోయే భర్తను వెదకుటకై నౌకలో చేరినదట! నౌకలోని కంప్యూటరుకు గొంతు ఇచ్చినదియు బారెట్ గారే. ఆజ్ఞలిచ్చిన కంఠము ఆజ్ఞలకు బదులు పలుకు కంఠమైనది.

నిచెల్ నికొల్స్ ధరించిన ఉహూరా పాత్ర మెచ్చదగినది. నల్లజాతి స్త్రీని సేవకురాలిగా గాక, వార్తాప్రసార విభాగపు అధికారిణిగా చూపుట ఆనాడు చిన్న విషయము కాదు. కాని పెక్కు కథలలో ఆమె పని సందేశమును అందించుటతోనే ముగియును. నౌకాధిపత్యము ఆమె చేతికి వచ్చినది 1973 నాటి కార్టూను ధారావాహికలో.

1969 జూన్ 3న ప్రసారమైన చివరి కథలో, స్త్రీలకు నౌకాధిపత్యము దక్కదని జానిస్ లెస్టర్ అను పాత్ర వాపోవును. అది అన్యాయమని కథానాయకుడు కర్క్ ఒప్పుకొనును. అయినను అధికారము కోరిన ఆ స్త్రీని కథ ఉన్మాదినిగా చిత్రించినది.

ఆ కాలమే అట్టిదని కొందరు సమర్థింపవచ్చును. కాని 1963 జూన్ 16ననే సోవియట్ వనిత వలెంతీనా తెరెష్కోవా వోస్తోక్-6లో ఒంటరిగా బయలుదేరి, సుమారు 3 దినములలో భూమిని 48 సార్లు చుట్టినారు. అనగా ఈ విషయములో కల్పన వాస్తవమునకు ముందు నడువలేదు, వెనుకబడినది.

అయినను ఆ కొద్దిపాటి స్థానమే గొప్ప ఫలమునిచ్చినది. 1977లో నికొల్స్ గారు నాసా తరఫున వ్యోమగాములుగా చేరుడని స్త్రీలను, అల్పసంఖ్యాక వర్గములవారిని ప్రోత్సహించినారు. 1978లో ఎన్నికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలు. 1992లో అంతరిక్షమునకు వెళ్లిన మే జెమిసన్ గారికి బాల్యమున ఉహూరా ప్రేరణ అయినది.

కావున తరగతిలో శాస్త్ర కల్పన చదివించునప్పుడు, యంత్రము సాధ్యమా కాదా అని మాత్రమే విచారించిన చాలదు. ఈ కథలో ప్రశ్నించువారెవరు, సమాధానము కనుగొనువారెవరు, నిర్ణయించువారెవరు అని కూడ అడుగవలెను. తరగతిలోని బాలిక తన స్థానమును వెదకుకొనునది ఆ సమాధానములలోనే గదా!