సోమాలీ సమాజంలో సేద్య శ్రమ పట్ల చిన్నచూపు: ‘సంచార జాతి’ భావన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సోమాలీలు స్వభావరీత్యా సంచార పశుపాలకులనీ, అందువల్లనే సేద్యాన్ని హీనంగా చూస్తారనీ ఒక అభిప్రాయం చాలాకాలంగా వ్యాప్తిలో ఉంది. సామాజిక శాస్త్ర గ్రంథాలు, సాహిత్య పరిశీలనలు ఈ అభిప్రాయం స్థిరపడటానికి తోడ్పడిన తీరును ఈ వ్యాసం చర్చిస్తుంది. చిన్నచూపుకు గురైనది సేద్యం కాదనీ, బానిసత్వం, వెట్టి ద్వారా ఆ పనికి కట్టుబడిన మనుషులనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సోమాలియా, పశుపాలన, సేద్య శ్రమ, బానిసత్వం, జరేర్, నురుద్దీన్ ఫరా, కరవు.

1. ఉపోద్ఘాతం

ఆఫ్రికా ఖండపు తూర్పు కొనన ఉన్న సోమాలియాలో చెప్పుకోదగ్గ నదులు రెండే: జుబ్బా, షబెల్లె. రెండూ ఇథియోపియా ఎత్తుభూముల్లో పుట్టి దక్షిణ సోమాలియాలోకి ప్రవహిస్తాయి. ఈ నదీలోయల్లోనూ, వాటి నడుమ ఉన్న మైదానంలోనూ జొన్న, మొక్కజొన్న, నువ్వులు, అరటి పండుతాయి. మిగిలిన నేలలో అధికభాగం వానలు తక్కువగా పడే మెట్ట. అక్కడ ఒంటెలు, గొర్రెలు, మేకలే జీవనాధారం. సోమాలీ భాషలో సేద్యగాణ్ణి ‘బేరలే’ అనీ, ఒంటెల కాపరిని ‘గేల్‌జిరె’ అనీ అంటారు. పదాలుగా చూస్తే ఇవి రెండు వృత్తుల పేర్లు మాత్రమే. సంప్రదాయ కవిత్వంలోనూ, వంశగౌరవ వ్యవహారంలోనూ మాత్రం రెండవదానికి దక్కిన మన్నన మొదటిదానికి దక్కలేదు.

రైతును అన్నదాతగా కీర్తించే సాహిత్యానికి అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచవచ్చు. అయితే దీన్ని ‘సంచార జాతి మనస్తత్వం’ అనే ఒక్క మాటతో వివరించి ఊరుకోవడం సమంజసం కాదు. ఆ వివరణ ఎవరి దృష్టికోణం నుంచి పుట్టిందో, ఎవరిని కనుమరుగు చేసిందో పరిశీలించాలి.

2. గ్రంథాలు నిర్మించిన దేశం

సోమాలీ అధ్యయనాలకు పునాది గ్రంథంగా ఐ. ఎం. లూయిస్ రచించిన ‘ఎ పాస్టోరల్ డెమోక్రసీ’ (1961)ని పేర్కొంటారు. 1950వ దశకంలో బ్రిటిష్ సోమాలీలాండ్‌లో చేసిన క్షేత్రపరిశోధన దీనికి ఆధారం. ఇది ఉత్తర సోమాలీల పశుపాలన, రాజకీయాల అధ్యయనమని గ్రంథ ఉపశీర్షికే స్పష్టం చేస్తున్నది. కాని తరువాతి వ్యాఖ్యానాల్లో ‘ఉత్తర’ అనే విశేషణం మరుగునపడి, ‘పశుపాలక ప్రజాస్వామ్యం’ యావత్ సోమాలీ జాతికీ లక్షణమైంది. చరిత్రకారుడు లీ కసనెల్లి ‘ది షేపింగ్ ఆఫ్ సోమాలీ సొసైటీ’ (1982) దక్షిణాది నదీలోయల చరిత్రకు పెద్దపీట వేసిన గ్రంథం. అయినా దాని ఉపశీర్షికలో కూడా ‘పశుపాలక ప్రజ’ అనే మాటే కనిపిస్తుంది. పొలం గురించి రాస్తున్నప్పుడు సైతం మంద పేరునే ముందు పెట్టవలసి రావడం ఈ భావనకు ఉన్న పట్టును తెలుపుతుంది.

అలీ జిమాలే అహ్మద్ సంపాదకత్వంలో వెలువడిన ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ సోమాలియా’ (1995), కేథరిన్ బెస్టెమన్ ‘అన్‌రావెలింగ్ సోమాలియా’ (1999), మొహమ్మద్ ఎనో ‘ది బంటు-జరేర్ సోమాలీస్’ (2008) ఈ ఏకరూప చిత్రాన్ని ప్రశ్నించాయి. ఒకే భాష, ఒకే మతం, ఒకే వృత్తి ఉన్న జాతి అనే కథనం రాజ్యం వెలుపలికి నెట్టిన వర్గాలను దాచిపెట్టిందని ఈ రచనలు తేటపరిచాయి.

3. సాహిత్య గౌరవంలో అంతరం

రిచర్డ్ బర్టన్ 1856లో ప్రచురించిన యాత్రాగ్రంథం నాటి నుంచి సోమాలీలకు కవుల జాతిగా ప్రఖ్యాతి ఉంది. అయితే ఆ ప్రఖ్యాతి ప్రధానంగా ‘గబయ్’ వంటి పురుష కవితారూపాల మీద ఆధారపడింది. ఒంటెలు, గుర్రాలు, నీటిబావుల కోసం పోరాటం, వంశ ప్రతిష్ఠ అందులోని ముఖ్య వస్తువులు. వలసపాలకులపై రెండు దశాబ్దాలు పోరాడిన సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లే హసన్ కవిత్వం ఈ సంప్రదాయానికి శిఖరంగా గుర్తింపు పొందింది. శ్రామిక గేయాలు సోమాలీ మౌఖిక సాహిత్యంలో లేకపోలేదు. పశువులకు నీరు తోడేటప్పుడు, ధాన్యం దంచేటప్పుడు, చాపలు అల్లేటప్పుడు పాడే పాటలున్నాయి. కర్త పేరుతో కంఠస్థమై నిలిచే గబయ్‌కు ఉన్న స్థానం వీటికి లేదు. ఉత్తరాది మాండలికం ఆధారంగా ప్రామాణిక భాష ఏర్పడి, 1972లో లాటిన్ లిపి అమలులోకి వచ్చాక, దక్షిణాది సేద్య ప్రాంతాల్లో వాడుకలో ఉన్న ‘మాయ్’ భాష మరింత వెనుకబడింది. సేద్యగాని అనుభవం కావ్యవస్తువు కాకపోవడానికి అతని నుడికి ప్రామాణికత దక్కకపోవడం కూడా ఒక కారణంగా భావించవచ్చు.

ఆధునిక నవల ఈ అంతరాన్ని పూర్తిగా చెరపలేదు. నురుద్దీన్ ఫరా తొలి నవల ‘ఫ్రమ్ ఎ క్రూకెడ్ రిబ్’ (1970)లో ఎబ్లా అనే పశుపాలక యువతి, ఒంటెలకు బదులుగా తనను వృద్ధునికిచ్చి పెళ్లి చేయబోతున్నారని తెలిసి ఇల్లు విడిచిపోతుంది. స్త్రీని పశుసంపదతో తూచే వ్యవస్థపై ఫరా చేసిన విమర్శ బలమైనది. ఎబ్లా ప్రయాణం సంచార శిబిరం నుంచి షబెల్లె ఒడ్డునున్న బెలెద్‌వెయ్నె పట్టణానికీ, అక్కడి నుంచి రాజధాని మొగదిషుకూ సాగుతుంది. శిబిరం, పట్టణం అనే రెండు ధ్రువాల మధ్య నడిచే ఈ కథలో నదీతీరపు పొలం కథాకేంద్రం కాలేదు. పశుపాలక సమాజాన్ని విమర్శించిన రచన కూడా ఆ సమాజం గీసిన చిత్రపటాన్నే అనుసరించిందనడానికి ఇది నిదర్శనం.

4. సేద్యం ఎవరి పని అయింది?

19వ శతాబ్దిలో బెనాదిర్ తీరం నుంచి దక్షిణ అరేబియాకు ధాన్యం ఎగుమతి అయ్యేది. ఈ వ్యాపారం విస్తరించేకొద్దీ షబెల్లె లోయలో కూలిచేతుల అవసరం పెరిగింది. జాంజిబార్ వర్తకం ద్వారా యావ్, మకువా, జిగువా తదితర తూర్పు ఆఫ్రికా ప్రజలను బానిసలుగా తెచ్చి పొలాల్లో నిలిపారు. అఫ్‌గోయె కేంద్రంగా వర్ధిల్లిన గెలెది సుల్తానుల రాజ్యం ఈ సేద్యం వల్ల సంపన్నమైంది. పొలం యజమానికి సేద్యం అవమానం కాలేదు. అది అతనికి ఐశ్వర్యాన్నీ, అధికారాన్నీ తెచ్చింది. అవమానం పార పట్టినవాని పాలైంది.

బానిసత్వం నుంచి తప్పించుకున్నవారు జుబ్బా లోయలోని గోషా అడవుల్లో ఊళ్లు కట్టుకుని స్వతంత్రంగా సేద్యం చేశారు. నసీబ్ బుండో నాయకత్వంలో వారు రాజకీయశక్తిగానూ నిలిచారు. అయినా వారి సంతతికి ‘జరేర్’ అనే పేరు తప్పలేదు. గట్టి జుట్టు కలవారని ఆ మాటకు అర్థం. మెత్తని జుట్టు కలవారు ‘జిలే’. ఒక వృత్తిభేదం ఈ విధంగా దేహలక్షణంగా మారి, తరతరాలకూ అంటుకుంది.

ఇటాలియన్ పాలకులు 20వ శతాబ్ది తొలి దశకంలో బానిసత్వాన్ని రద్దు చేశారు. కాని 1920లో జౌహర్ వద్ద ఏర్పడిన చెరకు, పత్తి తోటలకూ, జెనాలె అరటి తోటలకూ కూలీలు కావలసివచ్చారు. 1930వ దశకంలో వెట్టి విధానాన్ని అమలుచేసినప్పుడు నదీతీరపు జరేర్ ఊళ్లపైనే ఆ భారం పడింది. తోట పేరైన ఇటాలియన్ పదం నుంచి వచ్చిన ‘కొలోన్యా’ అనే మాట ఆ కాలపు బాధకు పర్యాయపదమైంది. పశుపాలకుల చిన్నచూపుకు వలసరాజ్యం చట్టబలాన్ని జోడించిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

5. పర్యావరణ వాదన: బలం, పరిమితి

పశుపాలక గౌరవాన్ని కేవలం దురభిమానంగా కొట్టివేయడం కూడా న్యాయం కాదు. వాన నమ్మకం లేని నేలలో మందను తోలుకుని పచ్చిక వెంట సాగడం వివేకవంతమైన జీవనవిధానం. ఎండిన కాలంలో పాలిచ్చే ఒంటె నిజంగానే ప్రాణాధారం. బెర్బెరా రేవు నుంచి అరేబియాకు జరిగే పశువుల ఎగుమతి నేటికీ దేశ ఆర్థికవ్యవస్థకు ముఖ్యమైనది.

అయితే ఈ వాదన పశుపాలన పట్ల గౌరవాన్ని వివరిస్తుందే తప్ప, సేద్యగాని పట్ల హీనభావాన్ని వివరించదు. వాయవ్యాన గబిలె, బొరామా ప్రాంతాల్లో ఉన్నత వంశాల పశుపాలకులే ఎడ్లనాగలితో జొన్నసాగు చేపట్టారు. లూయిస్ గ్రంథంలోనే వీరి ప్రస్తావన ఉంది. నాగలి పట్టినందుకు వారు వంశగౌరవాన్ని కోల్పోలేదు. బే ప్రాంతపు దిగిల్-మిరిఫ్లె ప్రజలు సేద్యమూ పశుపాలనా కలిపి సాగిస్తూ, జొన్నలను ‘బకార్’ అనే భూగర్భ పాతర్లలో దాచుకుంటారు. వీరు బానిస సంతతి కారు. అయినా ఉత్తరాది వంశాల దృష్టిలో ఒక మెట్టు కిందే ఉండిపోయారు. కాబట్టి జరేర్ సమస్యను మాత్రమే ప్రధానం చేసే వ్యాఖ్యానాలు ఈ చిన్నచూపులోని అంతరాలను పూర్తిగా పట్టుకోలేవు.

1974–75 నాటి ‘దబదేర్’ కరవు అనంతర పరిణామాలనూ ఈ దృష్టితో చూడాలి. సియాద్ బర్రె ప్రభుత్వం లక్షకు పైగా సంచారులను దక్షిణాదికి తరలించి కుర్తున్‌వారె, సబ్లాలె, దుజుమా సేద్య కేంద్రాల్లోనూ, కొన్ని మత్స్య కేంద్రాల్లోనూ నిలిపింది. కొంతకాలానికి పురుషులు చాలామంది మందల వైపో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోయారు. దీన్ని సంచారులకు సేద్యంపై ఉన్న విముఖతకు రుజువుగా చూపుతారు. కాని ఆ కేంద్రాల్లో భూమీ పంటా ప్రభుత్వ అజమాయిషీలోనే ఉండేవి. తనది కాని నేలలో పనిచేయడానికి ఇష్టపడకపోవడాన్ని సేద్యంపై ఏవగింపుగా నిర్ధారించడం తొందరపాటే.

6. భూమిపై ఆశ, శ్రామికునిపై చిన్నచూపు

1975 భూచట్టం నేలనంతా ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించి, నమోదు చేసుకున్నవారికి 50 ఏళ్ల కౌలు హక్కు కల్పించింది. కార్యాలయాల్లో పలుకుబడి, చదువు ఉన్నవారికే నమోదు సాధ్యమైంది. తరతరాలుగా సాగుచేస్తున్న జుబ్బా లోయ రైతుల నేలలు 1980వ దశకంలో అధికారుల, పట్టణ ధనికుల పేరిట మారిన వైనాన్ని బెస్టెమన్ వివరించారు. సేద్యాన్ని నిజంగా హీనమనుకునే సమాజంలో సాగునేల కోసం ఇంతటి పోటీ ఎందుకు? ‘సంచార మనస్తత్వ’ సిద్ధాంతం వద్ద ఈ ప్రశ్నకు సమాధానం లేదు. నేల అందరికీ కావాలి. ఆ నేలను దున్నేవానికి మాత్రం పంక్తిలో చోటు లేదు.

ఈ చిన్నచూపు ఫలితం మాటలతో ఆగలేదు. 1991లో ప్రభుత్వం కూలిపోయాక సాయుధ ముఠాలు నదుల నడిమి ప్రాంతాన్ని దోచుకున్నాయి. వంశ రక్షణబలం లేని సేద్యగాళ్ల ధాన్యమే ముందుగా పోయింది. 1992 కరవులో బైదోవా పరిసరాలు శ్మశానాన్ని తలపించాయి. 2011 జూలైలో ఐక్యరాజ్యసమితి తొలుత కరవు ప్రకటించిన ప్రాంతాల్లో సారవంతమైన దిగువ షబెల్లె ఒకటి. ఆ విపత్తులో సుమారు 2,58,000 మంది మరణించారని తరువాతి అంచనా. అందులో సగానికి పైగా అయిదేళ్లలోపు పిల్లలు. దేశానికి తిండి పెట్టే నేలలోనే ఆకలిచావులు ఎక్కువ కావడాన్ని అనావృష్టి ఒక్కటే వివరించలేదు. 2000 నుంచి అమలులోకి వచ్చిన ‘4.5’ అధికార పంపిణీ సూత్రంలో నాలుగు ప్రధాన వంశకూటములకు ఒక్కో వాటా దక్కింది. దిగిల్-మిరిఫ్లె కూటమికి అందులో సమస్థానం లభించింది. జరేర్‌లు తక్కిన అల్పసంఖ్యాక వర్గాలతో కలిసి అర వాటాకు పరిమితమయ్యారు.

7. ముగింపు

సోమాలీ సమాజంలో సేద్య శ్రమ పట్ల కనిపించే చిన్నచూపు అనాదిసిద్ధమైన జాతిలక్షణం కాదని పై పరిశీలన వల్ల తెలుస్తున్నది. ధాన్యవ్యాపారం, బానిసత్వం, వలసకాలపు వెట్టి, స్వతంత్ర రాజ్యపు భూచట్టం దాన్ని అంచెలంచెలుగా రూపొందించాయి. ఉత్తరాది పశుపాలకుల ఆత్మచిత్రాన్ని జాతిచిత్రంగా స్వీకరించిన పరిశోధన, సాహిత్య విమర్శ దానికి తెలియకుండానే సమ్మతి కూర్చాయి. అంతర్యుద్ధ కాలంలో కెన్యా శిబిరాలకు చేరి, 12 వేలకు పైగా అమెరికాలో పునరావాసం పొందిన సోమాలీ బంటూలలో కొందరు మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ పరిసరాల్లో ఇప్పుడు తమ పేరిట పొలాలు సాగుచేస్తున్నారు. అక్కడ వారు మొక్కజొన్న వేస్తున్నది తమ ఇష్టంతో. జుబ్బా లోయలో వదిలి వచ్చిన నేలల హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. సోమాలీ సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు మాయ్ భాషా మౌఖిక సంపదనూ, నదీతీర గ్రామాల శ్రామిక గేయాలనూ గబయ్‌తో సమానమైన శ్రద్ధతో సేకరించి పరిశీలించినప్పుడే ఈ చర్చలో సేద్యగాని సొంత గొంతు వినిపించే అవకాశం కలుగుతుంది.