సైడింగ్‌కి ఎంతైతే సబబు?

బయటి గోడల తొడుగైన సైడింగ్ మార్చమని ఒకే ఇంటికి ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిస్తే ఒకరు 24 వేల డాలర్లనీ, ఇంకొకరు 37 వేలనీ, మూడో ఆయన 52 వేలనీ చెప్పడం అమెరికాలో వింతేమీ కాదు. గోడలు అవే, కిటికీలు అవే, ఊడదీయాల్సిన పాత సైడింగూ అదే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో నార్త్ కరోలినాలోని కేరీలోనో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి ఏదో ఒక ఏడు ఈ పరీక్ష ఎదురవుతుంది. బిల్డరు తగిలించిన వినైల్ (ప్లాస్టిక్) సైడింగ్ ఎండకు వెలిసిపోతుంది, చలికి పెళుసెక్కి బంతి తగిలినా పగులుతుంది. సంతలో బేరమాడి వంకాయలు తెచ్చిన చెయ్యి కూడా ఇక్కడ ఆడదు. చివరికి చాలామంది మధ్య అంకె మీద వేలు పెడతారు. మధ్యలో ఉన్నది న్యాయంగా ఉంటుందని ఎవరు చెప్పారో గాని, ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెప్పినప్పుడు ఆ మధ్య అంకెకు అర్థమే లేదు.

ఇటుక గోడల మధ్య పెరిగినవారికి ముందుగా ఆ గోడ కట్టుబడి తెలియాలి. అమెరికాలో మామూలు ఇంటికి చెక్క నిలువులతో చట్రం కడతారు. దాని మీద ఓఎస్‌బీ పలకలు, అంటే చెక్క పేళ్లను జిగురుతో కలిపి నొక్కి చేసినవి, కొడతారు. వాటి మీద టైవెక్ లాంటి హౌస్‌ర్యాప్ చుడతారు. అది బయటి నీటిని లోపలికి రానివ్వదు, గోడలోని ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. అన్నిటికన్నా పైన సైడింగ్. అది ఇంటి బరువు మోయదు. వానను కిందికి జార్చడం, చూడముచ్చటగా ఉండడం, ఈ రెండే దాని పని. నీరంతటినీ అదొక్కటే ఆపలేదు కూడా. అతుకుల్లోంచి కొంత వెనక్కి పోతూనే ఉంటుంది. ఇంటివాళ్లు రంగు ఎంచుకునేది పై పొరకు. పనివాడి నిజాయితీ తేలేది లోపలి పొరల్లో.

ఈ వ్యాపారంలో కొలత ‘స్క్వేర్’, అంటే 100 చదరపు అడుగులు. బెంగళూరులో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లకు ఈ లెక్క పరిచయమే. అక్కడా ఇంటిని చదరాల్లో చెప్పడం మామూలు. కొటేషన్‌లో మొత్తం ఒక్కటే ఉండి స్క్వేర్లు ఎన్నో లేకపోతే అడిగి రాయించుకోవాలి. అంతకుముందే టేపు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగితే మరీ మేలు.

40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. చుట్టుకొలత 140 అడుగులు, చూరు దాకా ఎత్తు 18. అంటే 2,520 చదరపు అడుగులు. రెండు పక్కలా పైన ఉండే త్రికోణాలు 30 వెడల్పు, 8 ఎత్తు చొప్పున రెండూ కలిపి 240. గరాజ్ తలుపు 16 బై 7, ఆ 112 తీసేస్తే మిగిలేది 2,648. కిటికీల జాగాను చాలామంది కాంట్రాక్టర్లు తీసేయరు. వాటి చుట్టూ కోతా పట్టీల పనే ఎక్కువ కాబట్టి అందులో మోసం లేదు. మొత్తం ఇరవయ్యారున్నర స్క్వేర్లు. తరుగు కింద పది శాతం కలిపి 29 స్క్వేర్ల సరుకు తెప్పిస్తామంటే సబబే. 36 అని రాసుంటే మాత్రం ఏ గోడ దగ్గర అంత వచ్చిందో చూపించమనాలి. హోవర్ లాంటి యాప్‌లు ఇప్పుడు ఫోన్‌తో తీసిన ఫొటోల నుంచే ఇంటి త్రీడీ నమూనా తయారుచేసి గోడ గోడకూ కొలతలిస్తున్నాయి. ఆ కాగితం అడిగితే ఇవ్వడానికి ఎవరికైనా అభ్యంతరం ఎందుకు?

ఇక రేటు. ఇళ్ల మరమ్మతుల ఖర్చులపై అమెరికాలో ఏటా వెలువడే ‘కాస్ట్ వర్సెస్ వాల్యూ’ నివేదిక 2024లో 1,250 చదరపు అడుగుల సైడింగ్ మార్పిడికి జాతీయ సగటు చెప్పింది: వినైల్‌కి 17,410 డాలర్లు, నార కలిపిన సిమెంటు పలకలకు, అంటే ఫైబర్ సిమెంట్‌కి, 20,619. స్క్వేరుకి చూస్తే మొదటిది సుమారు 1,390, రెండోది 1,650. ఇల్లు అమ్మేటప్పుడు తిరిగొచ్చేది వినైల్‌లో 80 శాతం, ఫైబర్ సిమెంట్‌లో 88 శాతం అని కూడా అందులోనే ఉంది. సగటు సగటే. కూలి రేట్లు ఊరిని బట్టి మారతాయి, నిచ్చెనతో అయ్యే పనికీ పరంజా కట్టాల్సిన పనికీ తేడా ఉంటుంది. అయినా చేతిలో ఏ కొలబద్దా లేకుండా కూర్చోవడం కన్నా ఇది నయం.

పైన చెప్పిన మూడు కొటేషన్లూ ఈ ఇంటివే అనుకుని ఇరవయ్యారున్నరతో భాగిస్తే స్క్వేరుకి 906, 1,396, 1,962 వస్తాయి. మధ్యది సరిగ్గా సగటు దగ్గర నిలిచింది కదా అని సంబరపడేలోపు కాగితాలు చదవాలి. 24 వేల ఆయన పాత వినైల్ ఊడదీయడు, దాని మీదే కొత్తది కొట్టేస్తాడు. 52 వేలది ఫైబర్ సిమెంట్. పాతది తీయడం, హౌస్‌ర్యాప్, కిటికీల చుట్టూ నీటిని మళ్లించే ఫ్లాషింగ్ పట్టీలు, చెత్త డంప్‌స్టర్, పర్మిట్ అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. 37 వేల కాగితంలో ‘వినైల్ సైడింగ్, మెటీరియల్, లేబర్‌తో సహా’ అని ఒకే ఒక్క లైను. ఈ మూడింటిలో ఈ కాలమ్ రచయిత అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఆ ఒక్క లైనుకే. చౌక కొటేషన్ ఏం చేయదో కనీసం చెబుతోంది.

సరుకు పేరు కూడా పూర్తిగా ఉండాలి. ‘ప్రీమియం వినైల్’ అన్న మాటకు కొలతంటూ లేదు. అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎమ్ డీ3679 ప్రకారం వినైల్ మందం కనీసం 0.035 అంగుళం ఉండాలి, బజారులో 0.040, 0.044, 0.046 కూడా దొరుకుతాయి. కంపెనీ, శ్రేణి పేరు, మందం రాయకపోతే వచ్చేది అట్టడుగు రకమే అనుకోవడం తెలివి. ఫైబర్ సిమెంట్‌కి ధర ఎక్కువన్న గొణుగుడుకి జవాబు దాని బరువులో ఉంది. స్క్వేరు సరుకు రెండు వందల పౌండ్లు దాటుతుంది, ఇద్దరు పట్టాలి. కోస్తే సిలికా ధూళి లేస్తుంది. ఊపిరితిత్తులకు అది చేటు కాబట్టి ధూళి పీల్చే రంపమో, కత్తెర లాంటి ప్రత్యేక పనిముట్టో వాడాలి. లెక్క చూసుకోదలిచినవారికి ఇందులో సులువూ ఉంది. 12 అడుగుల పలకలో 7 అంగుళాలు బయటికి కనిపించేలా వేస్తే ఒక్కో పలకా సరిగ్గా 7 చదరపు అడుగులు కప్పుతుంది. స్క్వేరుకి పదిహేనుకి కాస్త తక్కువ.

మనవాళ్లకు ఎక్సెల్ షీటు ఒక బలహీనత. హోమ్ డిపోలో పలక ధర చూసి, దాన్ని సంఖ్యతో హెచ్చవేసి, కొటేషన్‌లోంచి తీసేసి, మిగిలిందంతా కాంట్రాక్టరు దోపిడీ అని వాట్సాప్ గ్రూపులో తేల్చేస్తారు. ఆ మిగిలిన దాంట్లోంచే పనివాళ్ల కూలి, వాళ్లు నిచ్చెన మీంచి పడితే ఆదుకునే వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా, పక్కింటి కారు మీద పలక పడితే కట్టే లయబిలిటీ బీమా, ట్రక్కు, డంప్‌స్టర్, రెండేళ్ల తర్వాత పట్టీ ఊడిందని ఫోన్ చేస్తే వచ్చి బిగించే మనిషి, ఇవన్నీ రావాలి. లాభం లేకుండా పనిచేస్తానన్నవాడు ఏదో ఒకటి మానేస్తాడు. ముందుగా మానేది బీమా. కాబట్టి బీమా సర్టిఫికెట్‌ను కాంట్రాక్టరు చేతి మీదుగా కాక నేరుగా బీమా ఏజెంటు నుంచే తెప్పించుకోవడం మంచిది.

1978కి ముందు కట్టిన ఇల్లయితే ఇంకో ఖర్చు ఉంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు గనక, దాన్ని కదిపే పనిని శిక్షణ, సర్టిఫికెట్ ఉన్నవాళ్లే చేయాలని 2010 ఏప్రిల్ నుంచి ఫెడరల్ నిబంధన అమల్లో ఉంది. ప్లాస్టిక్ పరచడం, పెచ్చులు ఏరడం అన్నిటికీ పైకం పడుతుంది. అలాంటి ఇంటికి కొటేషన్‌లో సీసం ఊసే లేకపోతే తక్కువ ధర ఎలా వచ్చిందో తెలిసినట్టే.

అసలు కథంతా పాత సైడింగ్ ఊడి, దాని వెనక చేరిన నీరు ఏం చేసిందో కనబడ్డాక మొదలవుతుంది. 1990ల మధ్యలో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో కృత్రిమ గార పూసిన కొత్త ఇళ్లు లోలోపల కుళ్లిపోయాయి. పైకి ఇళ్లు ముచ్చటగానే ఉన్నాయి. కిటికీల అంచుల్లోంచి, కప్పు గోడను తాకే చోట్ల నుంచి వెనక్కి చేరిన నీటికి బయటికి దారి లేక పలకలూ చట్రమూ మెత్తబడ్డాయి. ముప్పయ్యేళ్లు గడిచినా నీరు వచ్చే చోట్లు మారలేదు. కప్పు చివర గోడలో కలిసే మూలలో నీటిని గోడకు దూరంగా గటర్‌లోకి మళ్లించే చిన్న రేకు ముక్క ఉంటుంది, దాన్ని కిక్ఔట్ ఫ్లాషింగ్ అంటారు. ఇంటి మొత్తం ఖర్చులో దాని ధర లెక్కలోకే రాదు. అది లేని చోట గోడ పుచ్చిపోతుంది. కొటేషన్‌లో ఆ పేరు కనిపిస్తే, రాసిన మనిషికి పని తెలుసని సగం నమ్మవచ్చు.

పుచ్చిన పలకలు ఎన్నో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని అంకె తెలియకపోయినా రేటు ముందే ఒప్పుకోవాలి: 4 బై 8 అడుగుల పలక ఒక్కటి మారిస్తే ఎంత, నిలువు చెక్క అడుగుకి ఎంత, ఎన్ని పలకలు ధరలోనే కలిసి ఉన్నాయి, అంతకు మించితే ఫొటో తీసి చూపించి సంతకం తీసుకున్నాకే ముందుకెళ్తారా. ఇది రాయించుకోకపోతే మూడు గోడలు బోడిగా నిలబడి ఉండగా, సాయంత్రం వాన ఉందని ఫోన్ చెబుతుండగా, మేస్త్రి వచ్చి ‘సార్, లోపల బాగా పోయింది’ అంటాడు. అప్పుడు చెప్పిన రేటే రేటు. ఒప్పుకున్న ధర ఒక్కసారిగా పెరిగిపోయేది సరిగ్గా అక్కడే. పాతదాని మీదే కొత్తది కొట్టే పద్ధతిలో ఈ బాధ లేదని సంతోషించేవాళ్లూ ఉంటారు. కుళ్లు కనబడదు, అంతే, అది ఆగదు.

పని తీరు తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: మేకు ఎలా కొడతారు? వినైల్ ఎండకు సాగి చలికి ముడుచుకుంటుంది; 12 అడుగుల పట్టీ అర అంగుళం దాకా కదులుతుంది. కాబట్టి దాన్ని గోడకు బిగించరు, దండెం మీద చీరలా వేలాడనిస్తారు. పొడవాటి రంధ్రం నడుమ మేకు కొట్టి, తల కింద అంగుళంలో ముప్పై రెండో వంతు సందు వదలాలి. ‘గట్టిగా బిగించేస్తాం సార్, కదలదు’ అన్నవాడి పని మొదటి ఎండాకాలానికే అలలు తేలుతుంది.

ఇంటికొచ్చి బల్ల దగ్గర రెండు గంటలు కూర్చునే సేల్స్‌మన్ లెక్క వేరు. 60 వేలతో మొదలుపెడతాడు, మేనేజరుకు ఫోన్ చేస్తాడు, ఈ రాత్రి సంతకం పెడితే 42 వేలంటాడు. గంటలో 18 వేలు తగ్గగలిగిన ధర మొదట ఎందుకు అంత ఉందో అతనే చెప్పాలి. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నా అప్పిచ్చే సంస్థ తన ఖర్చును కాంట్రాక్టరు దగ్గర వసూలు చేస్తుంది, ఆయన దాన్ని ధరలో కలుపుతాడు. నగదుకి ఎంత అని వేరుగా అడిగితే ఆ తేడా బయటపడుతుంది.

అడ్వాన్సు విషయంలో రాష్ట్రానికో చట్టం. కాలిఫోర్నియాలో ధరలో పది శాతం లేదా 1,000 డాలర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. మేరీల్యాండ్‌లో మూడో వంతు దాటకూడదు. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక ఒప్పందం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తెలుగువాళ్లు కిక్కిరిసిన టెక్సస్‌లో సైడింగ్ కాంట్రాక్టరుకి రాష్ట్ర లైసెన్సంటూ లేదు. వాకబు బాధ్యత పూర్తిగా ఇంటివాళ్లదే. అక్కడ వడగళ్ల వాన వెలిసిన మర్నాడే తలుపు తట్టి ‘మీ డిడక్టబుల్ మేం చూసుకుంటాం’ అనేవాళ్లున్నారు. బీమాలో ఇంటివాళ్లే భరించాల్సిన ఆ వాటాను అలా మాఫీ చేయడం 2019 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో నేరం. ఇక చివరి చెక్కు ఇచ్చే ముందు సరుకు అమ్మినవారి నుంచీ, సబ్‌కాంట్రాక్టర్ల నుంచీ లీన్ వేవర్, అంటే ఇంటి మీద హక్కు కోరబోమన్న రాత, తీసుకోవాలి. కాంట్రాక్టరు వాళ్లకు డబ్బు ఎగ్గొడితే, ఇంటివాళ్లు మొత్తం కట్టేసినా సరే, చాలా రాష్ట్రాల్లో వాళ్లు ఆ ఇంటి మీద క్లెయిమ్ వేయొచ్చు.

ఇప్పటికే తొందరపడి ఇంట్లో బల్ల దగ్గర సంతకం పెట్టినవారికి ఒక మాట. ఇంటికొచ్చి అమ్మిన 25 డాలర్లు, ఆపైన విలువున్న ఒప్పందాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఇస్తోంది. సేల్స్‌మన్‌ను మీరే పిలిచినా సరే. రద్దు ఫారం రెండు ప్రతులు అతనే ఇవ్వాలి. బేరం ప్రధానంగా ఏ భాషలో సాగిందో ఒప్పందం కూడా ఆ భాషలోనే ఉండాలంటుంది అదే నిబంధన, అంటే తెలుగులో మాట్లాడి అమ్మినవాడు తెలుగులోనే రాసివ్వాలి. మూడో రోజు అర్ధరాత్రిలోపు పోస్టు చేయండి. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు లెక్కలోకి రావు. శనివారం మాత్రం వస్తుంది.