‘ఉదార’ శబ్దం – జాతీయవాద నిరాకరణ: ఒక పరిశీలన

‘లిబరల్ డెమోక్రసీ’కి ‘ఉదారవాద ప్రజాస్వామ్యం’ అన్న అనువాదం మన పత్రికల్లో, పాఠ్యగ్రంథాల్లో స్థిరపడింది. తెలుగులో ఉదారుడంటే దాత, విశాలహృదయుడు. అందువల్ల ఐరోపా జాతీయవాద పక్షాలు ఉదారవాదాన్ని తిరస్కరిస్తున్నాయని చదివిన పాఠకుడికి అది సంకుచిత మనస్కుల స్వభావలోపంగా స్ఫురిస్తుంది. నిజానికి వారి తిరస్కారానికి గురవుతున్నది అధికారానికి ఉండవలసిన హద్దు.

జర్మన్ న్యాయశాస్త్రవేత్త కార్ల్ ష్మిట్ పార్లమెంటరీ వ్యవస్థ సంక్షోభంపై 1923లో వెలువరించిన గ్రంథంలోనూ, 1926లో రెండవ ముద్రణకు చేర్చిన పీఠికలోనూ ఈ సంగతి దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఆయన దృష్టిలో ఉదారవాదం వేరు, ప్రజాస్వామ్యం వేరు. చర్చ, అధికార విభజన మొదటిదాని లక్షణాలు. పాలకులకు పాలితులకు గల అభేదం రెండవదాని లక్షణం. ఆ అభేదం సిద్ధించాలంటే జనసమూహం సజాతీయంగా ఉండాలి, అవసరమైతే విజాతీయమైనదాన్ని తొలగించాలి. రహస్య బ్యాలెట్ కంటే జనుల జయధ్వానమే ప్రజాభీష్టానికి సన్నిహిత రూపమని ఆయన భావం. ఈ వాదంలో తర్కం బలమైనదే. దాని దోషం ‘ప్రజ’ను ఏకవచనంగా గ్రహించడంలో ఉంది. తెలుగు వ్యవహారంలో ‘ప్రజలు’ నిత్యం బహువచనమే. సమాసంలో చేరగానే ఆ వచనభేదం లోపిస్తుంది.

1933 మార్చిలో జర్మన్ పార్లమెంటు తన శాసనాధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి ఓటు వేసే అప్పగించింది. వ్యతిరేకించినవారు 94 మంది సోషల్ డెమోక్రాట్లు మాత్రమే. కమ్యూనిస్టు సభ్యులను సభకే రానివ్వలేదు. మే నెలలో ష్మిట్ నాజీ పార్టీలో చేరాడు.

విక్టర్ ఓర్బాన్‌ను ష్మిట్ వారసుడని తేల్చడం తొందరపాటు. హంగరీ ప్రధానిగా ఆయన 2014 జులైలో రొమేనియాలోని బైలె టుష్నాద్‌లో చేసిన ప్రసంగంలో, తాము నిర్మిస్తున్నది ఉదారవాదేతర రాజ్యమని ప్రకటిస్తూనే స్వేచ్ఛను నిరాకరించడం లేదన్నాడు. పరిశీలకులు విజయవంతమైనవిగా చూస్తున్న దేశాల వరుసలో చైనా, రష్యా, టర్కీ, సింగపూర్‌లతోపాటు భారత్‌నూ చేర్చాడు. ఈ చేర్పు మన పరిశోధకులు ఆగి ఆలోచించదగ్గది. ఆ ఏటి ఎన్నికల్లో ఆయన కూటమికి వచ్చిన పార్టీ జాబితా ఓట్లు 45 శాతం లోపు. 199 స్థానాల్లో గెలిచినవి 133. సగానికి తగ్గిన ఓటర్ల పక్షాన నిలబడి సమస్త జాతి తరఫున మాట్లాడటం ‘ప్రజ’ ఏకవచనమైనప్పుడే సాధ్యం.

మరో చిక్కు కూడా ఉంది. ఈ పక్షాలను మన పత్రికలు ‘మితవాద’ పక్షాలంటాయి. గోఖలే వంటి కాంగ్రెసు నాయకులకు వాడిన మాట అదే. మితిని అంగీకరించని రాజకీయానికి మితవాదమని పేరు! ‘ఉదారవాద’ స్థానంలో ‘పరిమితాధికార’ అన్న పదాన్ని పరిశీలించవచ్చు. అందులో స్వేచ్ఛ అన్న అర్థం జారిపోతుంది కాని, నిరాకరణ దేనిపై జరుగుతున్నదో పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.