పాటకొకటి, రికార్డుకొకటి

2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న కీరవాణి గారు రెండు ముక్కలు మాట్లాడి, ఓ పాశ్చాత్య బాణీకి సొంత మాటలు కూర్చి పాడడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ వరసలోనే తన సంతోషం చెప్పుకున్నారు. కార్పెంటర్స్ పాప్ బృందమే. ఆ పాట నడక మాత్రం అమెరికా కంట్రీ సంగీతానిది. వెనకాల జారుతూ వినిపించే తీగ వాద్యమూ అక్కడిదే. 1973లో లిన్ ఆండర్సన్ అనే గాయని అదే పాట రికార్డు చేస్తే అది కంట్రీ పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆమె 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఎంచిన ఉత్తమ గాయని.

ఆ ఆస్కార్ రాత్రి మరొకటి కూడా గమనించాలి. ‘నాటు నాటు’ను వేదిక మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ప్రతిమ అందుకున్నది మాత్రం బాణీ కట్టిన కీరవాణి, మాట రాసిన చంద్రబోస్. పాట వేరు, దాన్ని పాడి రికార్డు చేయడం వేరు. ఈ తేడాను కంట్రీ సంగీత లోకం అర్ధ శతాబ్దం దాటి ఏటేటా పాటిస్తోంది. అక్కడి పురస్కారాల చరిత్రలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

కంట్రీ అనగానే టోపీలు, గుర్రాలు గుర్తొస్తాయి గానీ, దీని పుట్టిల్లు అపలాచియన్ కొండలు, వాటి దక్షిణాన ఉన్న పల్లెలు. బ్రిటన్, ఐర్లండ్ల నుంచి వలస వచ్చినవాళ్ల కథాగేయాలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వెంట వచ్చిన బాంజో, నల్లవారి బ్లూస్, చర్చి కీర్తనలు, హవాయి గిటార్ అన్నీ కలిసి అయిన సంగీతం ఇది. 1927 వేసవిలో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు ప్రతినిధి టెన్నెసీ, వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్ ఊళ్లో యంత్రం పెట్టుకుని కూర్చుంటే, కొద్ది రోజుల తేడాలో కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్ వచ్చి పాడి వెళ్లారు. ఆ కుటుంబంలోని మేబెల్ కార్టర్ గిటార్ వాయించిన తీరు నేటికీ పాఠంగానే ఉంది. బొటనవేలితో లావు తీగల మీద రాగం పలికిస్తూ, మిగతా వేళ్లతో సన్న తీగల మీద లయ కొట్టేది. ఒక్క మనిషే అటు పాటగాడూ ఇటు తాళగాడూ అయినట్టు వినిపిస్తుంది.

కంట్రీ రికార్డింగులకు కేంద్రమైన నాష్‌విల్ నగరంలో వాద్యకారుల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. మన సంగీతం తెలిసినవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. వాళ్లు పాటను స్వరలిపిలో రాసుకోరు. 1, 4, 5 అంటూ అంకెలు వేసుకుంటారు. ఒకటి అంటే షడ్జం మీద కట్టిన కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి), నాలుగంటే మధ్యమం మీద, అయిదంటే పంచమం మీద. గాయకుడికి గొంతు పట్టేసి శ్రుతి దించమన్నాడనుకోండి, కాగితం మార్చక్కర్లేదు, అంకెలు అవే ఉంటాయి. ఏ శ్రుతి పెట్టుకున్నా స రి గ మ లు మారనట్టే. జోర్డనేర్స్ బృందంలో పాడే నీల్ మాథ్యూస్ 1950ల చివర్లో దీన్ని మొదలుపెడితే, చార్లీ మెకాయ్ లాంటివాళ్లు స్టూడియోల నిండా వ్యాపింపజేశారు. పొద్దున పాట విని, ఓ చీటీ మీద అంకెలు గీసుకుని, మధ్యాహ్నానికల్లా రికార్డు ముగించే నేర్పు నాష్‌విల్‌కు ఇలా వచ్చింది. మెకాయ్‌కి 1972, 1973 సంవత్సరాల్లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి వాద్యకారుడి పురస్కారం దక్కింది.

ఇక పెడల్ స్టీల్ గిటార్ సంగతి. ‘జారుతూ వినిపించే తీగ వాద్యం’ అని పైన అన్నది దీన్నే. బల్లలా అడ్డంగా పరిచి, సాధారణంగా పది తీగలు బిగించి ఉంటుంది. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్లకు మీటే గోళ్లు, పాదాల కింద పెడళ్లు, మోకాళ్లకు తగిలేలా మీటలు. కడ్డీ జార్చి స్వరం సాగదీయడం మన గోటువాద్యం విన్నవారికి కొత్తేమీ కాదు. కొత్తదనమంతా పెడల్‌లో ఉంది. రెండు మూడు తీగలు కలిసి మోగుతుండగా ఒకటి మాత్రమే పైకి వంగుతుంది, మిగతావి కదలకుండా నిలబడతాయి. 1954లో వచ్చిన వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ ఆ వంపు వినిపించాక తక్కిన స్టీల్ వాద్యకారులు తమ వాద్యాలకూ పెడళ్లు కట్టుకున్నారు. హవాయి నుంచి బయల్దేరిన ఈ జారుడు వాదనం మన దేశానికీ వచ్చింది. దాన్ని హిందుస్తానీకి మలచుకున్న విశ్వమోహన్ భట్ 1994లో అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి గ్రామీ అందుకున్నారు.

ఇంత పనితనం ఉన్న సంగీతం 1950ల చివర్లో రేడియోల నుంచి దాదాపు తప్పుకోవాల్సి వచ్చింది. కుర్రకారంతా రాక్ అండ్ రోల్ వెంట పోయింది. ఆ గడ్డురోజుల్లో, 1958లో, నాష్‌విల్ వ్యాపారులూ కళాకారులూ కలిసి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ పెట్టుకున్నారు. పొట్టిగా సీఎంఏ. 1961లో రోజంతా కంట్రీ పాటలే వేసే స్టేషన్లు 81 ఉంటే, 1969కి అవి 606 అయ్యాయి. 1961లోనే ఆ సంఘం హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టి ముందుగా జిమ్మీ రాడ్జర్స్, హ్యాంక్ విలియమ్స్, ప్రచురణకర్త ఫ్రెడ్ రోజ్ పేర్లు చెక్కించింది. అవతల కాలిఫోర్నియావాళ్లు 1964లో సొంతంగా ఒక అకాడమీ పెట్టుకున్నారు.

సీఎంఏ మొదటి పురస్కారాలు 1967 అక్టోబరులో ఇచ్చారు. ఏటికి మేటి కళాకారుడు (‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్’) ఎడ్డీ ఆర్నాల్డ్. మరుసటి ఏడాది ఆ వేడుక టీవీలోకి ఎక్కింది. ఓట్లు వేసేది ప్రేక్షకులు కాదు, ఈ రంగంలో పనిచేసే సంఘ సభ్యులు. ఒకే పాటకు రెండు పురస్కారాలు వచ్చే వీలు మొదటి ఏడే పెట్టారు. ‘సింగిల్ ఆఫ్ ద ఇయర్’ రికార్డుకు, అంటే పాడినవాళ్లకూ తయారుచేసినవాళ్లకూ. ‘సాంగ్ ఆఫ్ ద ఇయర్’ రాసినవాళ్లకు. ‘దేర్ గోస్ మై ఎవ్రీథింగ్’ పాడిన జాక్ గ్రీన్ సింగిల్ పురస్కారం పట్టుకుపోతే, సాంగ్ పురస్కారం రాసిన డాలస్ ఫ్రేజియర్ ఇంటికి వెళ్లింది. 1969లో జానీ క్యాష్ ఒక్క రాత్రిలో అయిదు గెలిచాడు. ఆ అయిదింటిలో ఒకటి తెచ్చిపెట్టిన ‘ఎ బాయ్ నేమ్డ్ సూ’ రాసింది షెల్ సిల్వర్‌స్టీన్ అనే కవి. 1970లో సాంగ్ పురస్కారం అందుకున్న క్రిస్ క్రిస్టాఫర్‌సన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, సైన్యంలో హెలికాప్టర్లు నడిపి, అవన్నీ వదులుకుని నాష్‌విల్ స్టూడియోలో నేల ఊడ్చినవాడు.

రాయడంలోని విద్య ఏమిటో చూపడానికి ఒక్క పాట చాలు. బాబీ బ్రాడాక్, కర్లీ పుట్‌మన్ రాయగా జార్జ్ జోన్స్ 1980లో పాడిన ‘హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’. పేరుకు అర్థం: ఇవాళ ఆమెను ప్రేమించడం మానేశాడు. పేరు వినగానే, పోనీలే, పాపం తేరుకున్నాడన్నమాట అనుకుంటాం. ఓ స్నేహితుడు కథ చెబుతుంటాడు. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానని వాడన్నాడు, ఆమె మరిచిపోతావులే అంది. ఏళ్లు గడిచినా వాడు గోడ మీది ఫోటో చూసుకుంటూ, పాత ఉత్తరాలు దాచుకుంటూ ఉండిపోయాడు. ఇవాళ మిత్రుడు చూడబోతే వాడి ముఖాన కన్నీళ్లు లేవు. తలుపుకు దండ వేలాడదీశారు. మానేశాడంటే పోయాడని! కంట్రీ రచయితల ప్రధానమైన నేర్పు ఇదే. పల్లవిలోని మాట ఒక్క అక్షరం మారదు. మొదట విన్నప్పుడు ఒక అర్థం, చివర విన్నప్పుడు ఇంకో అర్థం. చుట్టూ ఉన్న చరణాలే దాని బరువు మార్చేస్తాయి.

నిర్మాత బిల్లీ షెరిల్ ఊరుకోలేదు. రచయితల చేత మళ్లీ మళ్లీ రాయించాడు. ఆమె చివరిసారి చూడడానికి రావాలన్నాడు. ఆ ఘట్టాన్ని జోన్స్ పాడడు, మాటల్లో చెబుతాడు. మన బుర్రకథలో కథకుడు పాట ఆపి వచనంలోకి దిగే చోటు జ్ఞాపకం చేసుకోండి, జనం నిశ్శబ్దమైపోయేది అక్కడే. ఆ వచనం ముగిసి గొంతు మళ్లీ పాటలోకి లేచేటప్పుడు వెనక తీగ వాద్యాలన్నీ కలిసి లేస్తాయి. జోన్స్ గాత్రం గురించి కూడా చెప్పాలి. దవడ బిగించి, పళ్ల మధ్య నుంచి అచ్చును సాగదీస్తాడు. ఒకే అక్షరం మీద కింది స్వరం నుంచి పైకి పాకి మళ్లీ జారుతాడు. గమకమన్నా మనకు తప్పులేదు. ఇంత విషాదం ఎవరు కొంటారని ఆయనకే అనుమానం ఉండేది. సీఎంఏ సాంగ్ పురస్కారం దానికి 1980లో ఇచ్చి, 1981లో మళ్లీ ఇచ్చింది. 2013లో జోన్స్ పోయినప్పుడు నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద గాయకుడు అలన్ జాక్సన్ ఆ పాటే పాడి సాగనంపాడు.

పురస్కారాలున్న చోట తగాదాలుంటాయి. 1974లో ఉత్తమ గాయనిగా ఆస్ట్రేలియాలో పెరిగిన పాప్ గాయని ఒలీవియా న్యూటన్-జాన్‌ను ఎంచారు. నాష్‌విల్ పెద్దలు కొందరు జోన్స్, ఆయన భార్య టామీ వైనెట్ ఇంట్లో సమావేశమై, అసలు కంట్రీని కాపాడుకోవాలంటూ వేరే సంఘం పెట్టారు. మరుసటి ఏడు, క్రితం విజేత చార్లీ రిచ్ ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్’ కవరు తెరిచి, లైటర్ తీసి, కాగితం అంటించి, గాయకుడు జాన్ డెన్వర్ పేరు చదివాడు. డెన్వర్ ఆ సమయానికి ఆస్ట్రేలియాలో ఉన్నాడు, ఉపగ్రహం ద్వారా వందనం చెప్పాడు. ఆ మంట నాకు నచ్చదు. హవాయి గిటార్‌నూ ఆఫ్రికా బాంజోనూ కలుపుకున్న ఇంట్లో, పల్లెదారుల మీద పాడిన డెన్వర్ పరాయివాడెలా అవుతాడు?

1999 నాటి అలక మాత్రం న్యాయమైనదే. ఆ ఏడు సీఎంఏ వేడుకలో జోన్స్‌ను ‘చాయిసెస్’ పాట కుదించి పాడమని అడిగారు. ఆయన రానేలేదు. అలన్ జాక్సన్ వేదిక మీద తన పాట పాడుతూ పాడుతూ మధ్యలో ఆపి, జోన్స్ పాట అందుకున్నాడు. సభ లేచి నిలబడింది. పెద్దాయన పాటను కత్తిరించమన్న నిర్వాహకులకు అంతకన్నా మర్యాదగా జవాబు చెప్పలేరు.

చార్లీ ప్రైడ్ కథ ఇంకాస్త లోతైనది. మిసిసిపీలో కౌలు కుటుంబంలో పుట్టి, బేస్‌బాల్ ఆడి, పాటలోకి వచ్చిన నల్లజాతీయుడు. తొలి రికార్డులు రేడియోలకు పంపినప్పుడు కంపెనీ ఆయన ఫోటో జతచేయలేదు. గొంతు విని మెచ్చినవాళ్లు రంగు చూసి పక్కన పెడతారని భయం. 1971లో ఆయనే ఏటికి మేటి కళాకారుడయ్యాడు, ఉత్తమ గాయకుడిగా ఆ ఏడూ పైయేడూ గెలిచాడు. 2020 నవంబరులో జీవన సాఫల్య పురస్కారం అందుకుని, అదే వేదిక మీద పాడి, డిసెంబరు 12న కోవిడ్‌తో కన్నుమూశాడు.

ఆడవాళ్లకు ఏటికి మేటి కళాకారుల పురస్కారం 1972లో మొదటిసారి వచ్చింది. అందుకున్నది కెంటకీ బొగ్గుగని కార్మికుడి కూతురు లొరెటా లిన్. గర్భనిరోధక మాత్ర మీద కూడా పాట పాడిన ధైర్యశాలి, ఆ పాటను కొన్ని రేడియోలు వేయలేదు. తర్వాత డాలీ పార్టన్, బార్బరా మాండ్రెల్, రీబా మెకెంటైర్, షనాయా ట్వైన్, టేలర్ స్విఫ్ట్. స్విఫ్ట్ 2011లో రెండోసారి గెలిచాక లేనీ విల్సన్ వచ్చేదాకా పన్నెండేళ్లు ఒక్క స్త్రీ కూడా లేదు. వాద్యకారుల పురస్కారమైతే మరీ అన్యాయం. ఫిడేలు వాయించే జెనీ ఫ్లీనర్ 2019లో గెలిచేదాకా ఏ స్త్రీకీ దక్కలేదు. మొదటి పురస్కారాల నుంచి లెక్కిస్తే యాభై రెండేళ్లు.

ఇక 2023. ట్రేసీ చాప్‌మన్ రాసి, 1988లో విడుదల చేసిన ‘ఫాస్ట్ కార్’ను ల్యూక్ కూంబ్స్ అనే కంట్రీ గాయకుడు మళ్లీ రికార్డు చేశాడు. పేదరికం నుంచి బయటపడాలని కారెక్కిన ఒక అమ్మాయి కథ అది. దుకాణంలో డబ్బులు తీసుకునే ఆడపిల్ల మాటలను కూంబ్స్ మగవాడికి అనుకూలంగా మార్చుకోలేదు, ఉన్నవి ఉన్నట్టే పాడాడు. సింగిల్ పురస్కారం ఆయనకు వచ్చింది. సాంగ్ పురస్కారం చాప్‌మన్‌కు వచ్చింది. పాట విడుదలైన ముప్ఫై అయిదేళ్లకు. 1967 నుంచి ఆ పురస్కారం అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమె. రికార్డుకు మాత్రమే పురస్కారం ఇచ్చే పద్ధతి ఉండుంటే ఆ రాత్రి ఆమె పేరు విజేతల్లో వినిపించేదే కాదు.

ఈ వారం ఓ పావుగంట దొరికితే ముందు చాప్‌మన్ రికార్డు వినండి, ఆ తర్వాత కూంబ్స్‌ది. ఆ తర్వాత జార్జ్ జోన్స్ పాట. వింటున్నంతసేపూ బ్రాడాక్, పుట్‌మన్ పేర్లు గుర్తుంచుకోండి.