బుల్లెట్టు కార్బురేటరు: శుద్ధియు శ్రుతియు

తూనికనుబట్టి చూచినచో ఒక వంతు పెట్రోలు సంపూర్ణముగా దహనమగుటకు సుమారు 14.7 వంతుల గాలి కావలయును. పాతకాలపు బుల్లెట్టు 350లో ఈ పాలు కుదుర్చు భారమును, జపానువారి మికునీ నమూనాపై మన దేశముననే తయారైన మిక్‌కార్బ్ కార్బురేటరు, అరచేత ఇమిడెడు చిన్న వస్తువయ్యును, ఏ విద్యుత్తు సాయమును లేకయే వహించుచున్నది. ఇరుకైన కంఠమున ప్రవాహవేగము హెచ్చి పీడనము తగ్గునని ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లో వివరించిన ధర్మమే దీనికి ప్రాణము; ఆ తగ్గిన పీడనము ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును సన్నని ఇత్తడి జెట్ల గుండ పైకి లాగి, తుంపరగా మార్చి, గాలితో కలుపును.

బండి నెలల తరబడి కదలక నిలిచినచో, పెట్రోలులోని తేలిక పాళ్ళు ఆవిరియై, శేషించినది జిగురై, అన్నిటికంటె సన్ననిదైన పైలట్ జెట్టును మూసివేయును. స్లో రన్నింగు నిలువకుండుట, చోకు వేసినగాని ఇంజను సాగకుండుట దీని లక్షణములు. ఇట్టి దశలో స్క్రూలను త్రిప్పి చూచుట వృథాప్రయాసయని నా దృఢాభిప్రాయము. శుద్ధి కానిదే శ్రుతి కుదరదు. దీపమునకు, నిప్పునకు దూరముగా కూర్చుండి, పెట్రోలు కాక్ మూసి, కార్బురేటరును దింపి, విప్పిన భాగములను విప్పిన వరుసనే పళ్ళెమున పేర్చుకొనవలెను. జెట్లను పెట్రోలులో నానవైచి, వానిని, ఒడలిలోని సన్నని దారులను గాలి గొట్టముతో ఊది, జెట్టును వెలుతురునకెత్తి చూచినప్పుడు రంధ్రము గుండ్రముగా, నిర్మలముగా కానరావలెను. తీగతో పొడుచుట పెక్కుమందికి అలవాటు. ఇది నన్ను మిక్కిలి బాధించు అలవాటు. ఏలయన ఇనుప తీగ మెత్తని ఇత్తడిని గీరి రంధ్రమును పెద్దది చేయును, ఆపై జెట్టుమీద చెక్కిన అంకె అబద్ధమగును. ఫ్లోటు నీడిలు మొన అరిగినచో మార్చవలసినదే. లేనిచో ఓవర్‌ఫ్లో తప్పదు.

శ్రుతి చేయుట కర్ణాధీనమైన విద్య. ఎయిర్ స్క్రూను బలవంతపెట్టక తుదివరకు బిగించి, ఒకటిన్నర చుట్లు వెనుకకు త్రిప్పి, ఇంజను చక్కగా వేడెక్కిన పిమ్మట కొంచెము కొంచెముగా ఇటునటు త్రిప్పుచు, వేగము హెచ్చి చప్పుడు నిలకడ చెందిన చోట ఆపవలెను. స్క్రూ లోనికి పోయినకొలది మిశ్రమము చిక్కబడును, వెలికి వచ్చినకొలది పలుచబడును. తరువాత స్లో రన్నింగు స్క్రూతో వేగమును దించవలెను గాని, తీరికైన డగ్ డగ్ నాదముపై మోజుతో మితిమీరి దించరాదు. అంత తక్కువ వేగమున ఆయిలు పంపు చాలినంత ఆయిలును తోడజాలదు.

2020 ఏప్రిలులో బి.ఎస్. 6 కాలుష్య నిబంధనలు వచ్చుటతో కొత్త బుల్లెట్టు 350నుండి కార్బురేటరు నిష్క్రమించినది. పొగ తగ్గుటకు అది అవసరమే. అయినను ఇంజను కోరునదేమో వినికిడిచే గ్రహించి, ఒక్క స్క్రూడ్రైవరుతో తీర్చగల నేర్పు ఈ పాత బండ్లవలననే మన వీధి మెకానిక్కులకు అబ్బినది.

ఇక శ్రుతి చేసిన బండిని కొంతదూరము నడిపి స్పార్కు ప్లగ్గును విప్పి చూచినచో ఆ శ్రుతి ఫలితము తెలియును. మొన లేత కాఫీ రంగున ఉన్నచో మేలు. మసి పట్టినచో మిశ్రమము చిక్కన, జెట్ నీడిలు (ఫ్లోటు నీడిలు కాదు) క్లిప్పును ఒక గాడి పైకి జరుపవచ్చును. తెల్లబడినచో బండిని నడుపరాదు, పిస్టను కాలిపోవు ప్రమాదము కలదు. అప్పుడు క్లిప్పు జోలికి పోకమునుపే, కార్బురేటరు ఇంజనుతో కలియు చోట గాలి చొరబడుచున్నదేమో పరీక్షింపవలెను.