‘దాసి’ చిత్రం: వెలుగు కొలతలో ముఖం

బి. నర్సింగరావు ‘దాసి’ (1988) చిత్రాన్ని గడీ వ్యవస్థ, స్త్రీ బానిసత్వం అనే కోణాల నుంచి చర్చించడం సహజం. అయితే ఎ.కె. బీర్‌కు ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ పురస్కారం తెచ్చిన ఈ చిత్రంలో వెలుగు కొలత కూడా వస్తువులో భాగమే.

పరావర్తిత కాంతిని కొలిచే మీటరు ప్రతి దృశ్యాన్నీ సుమారు 18 శాతం కాంతిని తిప్పిపంపే బూడిదరంగుగా భావిస్తుంది. గడీ లోపలి చీకటిలో చామనచాయ ముఖం, దాని వెనుక ఎండ కాసే వాకిలి ఉన్నప్పుడు, మొత్తం దృశ్యాన్ని కొలిచిన మీటరు వాకిలి వెలుగుకే లొంగుతుంది. దాని లెక్క ప్రకారం ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ముఖం నీడగా మిగులుతుంది. ముఖం కనబడాలంటే కాంతిని దానిమీదనే కొలవాలి. లేదా మీటరు చూపినదానికన్నా ఒకటి రెండు స్టాపులు పెంచాలి. అప్పుడు వాకిలి తెల్లగా పాలిపోతుంది. రెండింటినీ నిలపడానికి లోపల దీపం పెట్టవచ్చు. అది మితిమీరితే గడీ చీకటే అబద్ధమవుతుంది.

కనుక ఎవరి వివరాన్ని దక్కించుకోవాలన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. దొర వాకిలి ప్రమాణమైతే కమలాక్షి ఒక ఆకారం. ఆమె ముఖం ప్రమాణమైతే ఒక మనిషి. అర్చన నటనలో మాటకన్నా చూపు ప్రధానం కనుక, ముఖం నీడలో కలిసిపోతే పాత్రే మూగబోతుంది. చలనచిత్ర విమర్శ సంభాషణతో పాటు ఈ కొలతనూ పాఠ్యంగా చదవవలసి ఉంది.